శిథిల మఠాన్ని చదవడం – 4వ పాఠం: ఫౌంటెన్స్‌లో ఏది ఎందుకు మిగిలింది

గత మూడు పాఠాల్లో సిస్టర్షియన్ శాఖకు చెందిన క్రైస్తవ మఠం ఎలా ఉంటుందో కాగితం మీద చూశాం. తూర్పు పడమరలుగా సాగే చర్చినీ, దాని దక్షిణ గోడను ఆనుకుని ఉండే క్లోయిస్టర్‌నూ, ఆ క్లోయిస్టర్‌కు మిగిలిన మూడు వైపులా కట్టే భవన వరుసలనూ గుర్తించడం నేర్చుకున్నాం. క్లోయిస్టర్ అంటే మన మండువా లోగిలి వంటిదే: నడుమ ఆకాశానికి తెరిచిన చోటు, చుట్టూ వసారా, వసారాలోంచి గదుల్లోకి గుమ్మాలు. ఈ పాఠంలో కాగితం పక్కన పెట్టి నిజమైన గోడల దగ్గరికి వెళ్తాం. ఉదాహరణకు తీసుకున్నది ఇంగ్లండులోని నార్త్ యార్క్‌షైర్‌లో, రిపన్ పట్టణానికి సమీపాన, స్కెల్ నది లోయలో ఉన్న ఫౌంటెన్స్ మఠం.

శిథిలాన్ని చూడగానే "ఇది ఏ కాలానిది?" అని అడగడం అలవాటు. ఆ ప్రశ్నకు ముందు మరొకటి అడగాలి: చుట్టుపక్కల ఇంత పోయినప్పుడు ఈ గోడ మాత్రం ఎందుకు మిగిలింది? నా అభిప్రాయంలో కట్టడాల చరిత్రను చదవడంలో సగం పని ఈ ప్రశ్నతోనే పూర్తవుతుంది.

ముందుగా అవసరమైనంత చరిత్ర. యార్క్ నగరంలోని సెయింట్ మేరీ మఠంలో క్రమశిక్షణ సడలిందని భావించిన 13 మంది మఠవాసులు 1132లో అక్కడి నుంచి బయటపడ్డారు. యార్క్ ప్రాంతపు ప్రధాన మతాధికారి, ఆర్చిబిషప్ థర్స్టన్ వారిని ఆదుకుని, ఆ ఏడాది చివర ఈ లోయలో స్థలం ఇచ్చాడు. వారు ఫ్రాన్స్‌లోని క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్‌ను ఆశ్రయించి సిస్టర్షియన్ శాఖలో చేరారు. తొలి కట్టడాలు కొయ్యవి. ఆ తరువాత రాతి కట్టడాలు లేచాయి. యార్క్ ఆర్చిబిషప్ పదవి విషయంలో రేగిన తగాదాలో, 1146 ప్రాంతంలో, ప్రత్యర్థి పక్షం వారు మఠంపై దాడి చేసి నిప్పు పెట్టారు. నేడు మనకు కనిపించే చర్చి ప్రధానంగా ఆ దహనం తరువాత కట్టినది.

చర్చి పొడవైన నడిమి భాగంలో, పడమటి గుమ్మం దగ్గర తూర్పుకు తిరిగి నిలబడండి. ఇరువైపులా పదకొండేసి తోరణాలు లావైన స్తంభాల మీద నిలిచి ఉన్నాయి. తోరణాల కొనలు మొనదేలి ఉండగా, వాటి పైన ఉన్న కిటికీల తలలు గుండ్రంగా ఉన్నాయి. గుండ్రని తోరణం పాతదనీ, మొనదేలినది కొత్తదనీ బట్టీపట్టిన విద్యార్థి ఇక్కడ తికమకపడతాడు, ఎందుకంటే ఆ లెక్క ప్రకారం పైభాగం కిందిభాగం కన్నా పాతది కావాలి. అసలు సంగతి ఏమిటంటే, 12వ శతాబ్ది నడుమ రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి. బరువు మోయవలసిన చోట మొనదేలిన తోరణాన్ని వాడి, అలవాటైన చోట గుండ్రని దానిని ఉంచుకున్నారు. కనుక తోరణం ఆకారాన్ని ఒంటరి సాక్ష్యంగా ఎన్నడూ తీసుకోకండి. ఇప్పుడు వెనుదిరిగి పడమటి గోడను చూడండి. అందులో ఉన్న పెద్ద కిటికీ ఖాళీ, చుట్టూ ఉన్న 12వ శతాబ్దపు పనితనానికి ఎంతమాత్రం పొంతన లేనంత పెద్దది. 15వ శతాబ్ది చివర ఆబట్ (మఠాధిపతి) జాన్ డార్న్‌టన్ పాత కిటికీలను తొలగించి దీనిని పెట్టించాడు. చుట్టూ ఉన్న గోడతో కొలతలోనూ చెక్కడంలోనూ కలవని ఖాళీ కనిపిస్తే అది తరువాత చేసిన మార్పు కావచ్చునని మొదట అనుమానించాలి.

క్లోయిస్టర్ దక్షిణ వరుసకు రండి. ఇక్కడ తూర్పు నుంచి పడమరకు వెచ్చదనపు గది, భోజనశాల, వంటశాల వరుసగా ఉన్నాయి. వెచ్చదనపు గదిలో మనిషి నిటారుగా నిలబడగలిగినంత పెద్ద పొయ్యిగూళ్లు రెండున్నాయి, వాటిలో ఒకదానిని తరువాతి కాలంలో మూసివేశారు. మఠవాసులు చలి కాచుకోవడానికి అనుమతి ఉన్నది ఇక్కడే. వంటశాల, రోగుల శాల వంటి చోట్ల తప్ప మరెక్కడా నిప్పు ఉండేది కాదు. ఇప్పుడు తల పైకెత్తండి. ఈ గది మీదనే దస్తావేజుల గది ఉంది. భూదానపత్రాలు, ఒప్పందాలు అన్నీ తోలు కాగితాల మీద ఉండేవి, వాటికి తేమ పరమశత్రువు. కింద రగిలే పొయ్యి పైగదిని పొడిగా ఉంచేది. ఒక గది ఎందుకు ఉందో తెలియాలంటే దాని లోపల మాత్రమే వెతకకుండా పైనా కిందా పక్కనా ఏముందో చూడాలన్న సూత్రానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ నాకు తెలియదు.

పడమటి వరుస ఈ పాఠానికి గుండెకాయ. సుమారు 90 మీటర్ల పొడవున, నడుమ ఒకే స్తంభాల వరుసతో, ఆ స్తంభాల నుంచి చివుళ్లలా విచ్చుకుని పైకప్పుగా అల్లుకున్న రాతి కమానులతో ఉన్న నేలమాళిగ వంటి ఈ శాలను సెల్లారియం అంటారు. ఫౌంటెన్స్ ఛాయాచిత్రాల్లో ఎక్కువగా కనిపించేది ఈ దృశ్యమే. అయితే ఈ చివర నుంచి ఆ చివర వరకు అడ్డులేకుండా సాగే ఈ దృశ్యాన్ని ఆనాటి మఠవాసి ఎవరూ చూసి ఉండరు. అప్పట్లో దీనిలో అడ్డుగోడలు ఉండేవి. ఒక భాగం సరుకుల కొట్టు, ఒక భాగం బయటివారితో మాట్లాడే గది, దక్షిణ భాగం సేవక సోదరుల భోజనశాల. పొలాలు, గొర్రెల మందలు, ఉన్ని పని చూసుకునే ఆ సోదరులు పై అంతస్తులో నిద్రించేవారు. 14వ శతాబ్దంలో, ముఖ్యంగా 1348–49 నాటి మహామారి తరువాత వారి సంఖ్య క్షీణించింది. అడ్డుగోడలు పోయాయి, పై అంతస్తు కప్పు పోయింది, కింది రాతి కప్పు మాత్రం నిలిచింది. సీసపు రేకులు కప్పిన కొయ్య కప్పును విప్పి అమ్ముకోవచ్చు. రాతి కమానును విప్పితే మిగిలేది రాళ్ల గుట్టే. దానిని పడగొట్టడం కన్నా కొట్టుగా వాడుకోవడం లాభసాటి.

చర్చికి అడ్డంగా ఉత్తరానికి చాచుకున్న భుజం చివర నిలిచిన గోపురాన్ని చూడకుండా వెళ్లలేం. సుమారు 50 మీటర్ల ఎత్తున్న దీనిని 1495 నుంచి 1526 వరకు ఆబట్‌గా ఉన్న మార్మడ్యూక్ హూబీ కట్టించాడు. తొలినాటి సిస్టర్షియన్ నియమాలు రాతి గంటగోపురాలను అంగీకరించలేదు. నిరాడంబరత కోసం యార్క్ వదిలి వచ్చిన వారి వారసులు ఇంత ఎత్తు కట్టారంటే నాలుగు వందల ఏళ్లలో ఏం మారిందో వేరే చెప్పనక్కరలేదు. గోపురం నట్టనడుమ కాక ఒక మూల ఎందుకుందన్నది అసలు గమనించవలసిన విషయం. చర్చి పొడవు, అడ్డభుజాలు కలిసే నడిమి కూడలి స్తంభాలు అంత బరువును మోయలేవు. కట్టడం వింత చోట కనబడితే, ఉండవలసిన చోట ఏ ఇబ్బంది ఉందో ఆరా తీయాలి.

1539 నవంబరులో మఠాన్ని, ఇంగ్లండులోని మఠాలను మూయిస్తున్న ఎనిమిదవ హెన్రీ రాజుకు అప్పగించారు. మరుసటి ఏడాది అది రిచర్డ్ గ్రెషామ్ అనే వర్తకుని చేతికి వెళ్లింది. సీసం, గాజు తీసివేశారు. 16వ శతాబ్ది చివర స్టీఫెన్ ప్రాక్టర్ పక్కనే ఫౌంటెన్స్ హాల్ భవనం కట్టుకోవడానికి మఠం రాళ్లనే వాడాడు. 1767లో విలియం ఐస్లబీ శిథిలాలను కొని తమ స్టడ్లీ రాయల్ ఉద్యానంలో కలిపాడు. నేడు గోడల మధ్య కనిపించే చదునైన పచ్చిక మధ్యయుగానిది కాదు, ఆ ఉద్యాన దృష్టికి చెందినది. 1983లో చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ యాజమాన్యం తీసుకుంది, 1986లో మఠం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. వీటన్నిటి మధ్య అందరూ దాటిపోయే ఒక భవనం ఉంది: 12వ శతాబ్దపు పిండిమర. మఠం మూతపడినా లోయలో జనానికి పిండి కావాలి కనుక, 1927 వరకు అది ఏదో ఒక విధంగా తిరుగుతూనే ఉంది; అందుకే దాని కప్పు నిలిచింది.

అభ్యాసం: మఠం నేలప్లాన్‌ను ఎదురుగా పెట్టుకుని, నిలిచిన భాగాల పక్కన అవి నిలవడానికి కారణాన్ని ఒక్కొక్క వాక్యంలో రాయండి. రాతి కప్పు, నిరంతర వాడకం, అలంకార విలువ అన్న మూడింటిలో ఏదీ కుదరని భాగం కనీసం ఒకటి మీకు తగులుతుంది. దానిని విడిగా గుర్తుపెట్టుకోండి. తరువాత రోగుల శాలను వెతకండి. దానిని స్కెల్ నది మీదుగా, రాతి సొరంగాలపై కట్టారు. పైగోడలు దాదాపు పోయినా సొరంగాలు ఉన్నాయి. నది మీద ఎందుకు కట్టి ఉంటారో రెండు కారణాలు రాయండి. వచ్చే పాఠంలో మీ జవాబులను మఠం నీటిపారుదల పటంతో సరిపోల్చుకుందాం.