మేత తొట్టి దగ్గర పెద్దబాతుల పోరు

చంద్రగిరి దగ్గర మా మామిడి తోటలో పద్నాలుగు నాటు బాతులతో పాటు ఆరు పెద్దబాతులను కలిపి పెంచుతున్నాము. మేత వేయగానే పెద్దబాతుల పోతు మెడను నేలకు సాచి, బుసకొడుతూ వచ్చి, బాతుల తోక ఈకలు పట్టి లాగేది. దానితో చిన్నవి సగం కడుపుతోనే తిరిగేవి.

ఒకే తొట్టిలో మేత ఎక్కువగా పోసి చూశాను కానీ, పెద్దబాతులు తొట్టి మొత్తాన్నీ తమదిగానే భావించడం వల్ల ప్రయోజనం కనిపించలేదు. ఇప్పుడు నూకలు, తౌడు కలిపిన మేతను ఇరవై అడుగుల ఎడంగా ఉన్న రెండు తొట్లలో వేసి, ఒకదాని నుండి మరొకటి కనిపించకుండా మధ్యలో నాలుగు అడుగుల ఎత్తున కొబ్బరాకు దడి కట్టాను. దడికి రెండు చివరలా దారి వదలడం ముఖ్యం. మూల మూసుకుపోతే తరిమిన బాతు అక్కడే చిక్కుతుంది. ముందుగా పెద్దబాతులకు వేసి, అవి తలలు వంచిన తరువాతే బాతుల వైపు వెళ్తాను. నీళ్ల తొట్టిని కూడా ఇలాగే రెండుగా, తల ముంచుకునేంత లోతుతో పెట్టాలి. కొబ్బరాకు దొరకకపోతే పాత గోనెసంచులు చాలు.

అయితే పెద్దబాతుల పెట్ట గుడ్లు పొదుగుతున్నప్పుడు, పిల్లలు వెంట ఉన్నప్పుడు దడి ఏమాత్రం పనిచేయదు. పోతు చుట్టూ తిరిగి వచ్చి మరీ కరుస్తుంది. ఆ రోజులలో పెద్దబాతులను ఇనుప వల కంచె లోపల పూర్తిగా వేరుగా ఉంచవలసిందే.