డ్రై పైప్ వాల్వు నేర్చుకుందాం – 3వ పాఠం: క్లాపర్ కూర్చోబెట్టడం, గాలి నింపడం, ట్రిప్ చూడటం

కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక మాట. ఫ్రీజర్‌లో మంటలార్పే స్ప్రింక్లర్ పైపులో నీళ్ళుంటే గడ్డ కడతాయి, అందుకే అందులో గాలి నింపి ఉంచుతాం. స్ప్రింక్లర్ తెరుచుకుని గాలి పోయే దాకా నీళ్ళను క్లాపర్ అనే మూతతో ఆపి ఉంచేదే డ్రై పైప్ వాల్వు. పోయిన పాఠంలో పైపు వాలు దగ్గర ఆపాం. ఫ్రీజర్ గదిలో పైపు మీటరుకు 4 మిల్లీమీటర్ల చొప్పున దిగాలి, అంటే ఆరు మీటర్ల పైపుకు ఒక కొస కంటే రెండో కొస 24 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి అని చెప్పుకున్నాం. లెవల్ ట్యూబుతో మీ సైట్లో ఒక లైను కొలిచి చూడమన్నాను. పర్లాకిమిడి తమ్ముడొకడు కొలిచి చెప్పాడు, రెండు హ్యాంగర్ల దగ్గర పైపు కడుపు దిగి ఉందట. ఆ రెండు చోట్లా నీళ్ళు నిలుస్తాయి, గడ్డ కడతాయి. హ్యాంగర్లు సరిచేసే దాకా ఈరోజు చెప్పే పని ఏదీ ఆ లైను మీద మొదలుపెట్టవద్దు.

అతనే ఇంకో మాట అడిగాడు. "అన్నా, మూత కింద ఏడు కేజీల నీళ్ళు. పైన మూడు కేజీలు కూడా లేని గాలి. మూత ఎలా ఆగుతుంది?" మంచి ప్రశ్న. (మా భాషలో కేజీ అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ ప్రెషర్.) ఇది అర్థం కాకపోతే మిగతా పనంతా బట్టీ పట్టినట్టే అవుతుంది కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

క్లాపర్ అంటే కీలు మీద తిరిగే మూత. కింద నీళ్ళు దాన్ని చిన్న వలయం లోపలే తాకుతాయి. పైన గాలి మాత్రం దాని మొత్తం వెడల్పు మీద కూర్చుంటుంది. మామూలుగా దొరికే వాల్వుల్లో పై వైశాల్యం కింది వైశాల్యానికి ఐదారు రెట్లు ఉంటుంది. ఐదున్నర అనుకోండి. నీళ్ళు 7 కేజీలైతే, ఏడును ఐదున్నరతో భాగిస్తే దాదాపు 1.27. గాలి 1.27 కేజీలకు దిగగానే మూత లేస్తుంది, అదే ట్రిప్. ఆ ప్రెషర్‌నే ట్రిప్ ప్రెషర్ అంటాం. దాని మీద కొంత నిలవ ఉండాలి. తయారీదారు పుస్తకంలో పట్టిక ఉంటే అదే ప్రమాణం. పట్టిక లేకపోతే ట్రిప్ ప్రెషర్ మీద 20 పీఎస్‌ఐ, అంటే 1.4 కేజీలు కలపమని స్ప్రింక్లర్ల అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13 చెబుతుంది. 1.27కు 1.4 కలిపితే సుమారు 2.7 కేజీలు. తమ్ముడు చూసిన గేజ్ అదే.

లెక్క వేసేటప్పుడు నీటి ప్రెషర్ ఏది తీసుకోవాలి? రాత్రి ఎవరూ నీళ్ళు వాడనప్పుడు, జాకీ పంపు (లైను ప్రెషర్ నిలిపే చిన్న పంపు) ఆగే చోట గేజ్ ఎంత చూపిస్తుందో అది. పగటి ప్రెషర్ పెట్టి లెక్క వేసి అర్ధరాత్రి దొంగ ట్రిప్పులు తెచ్చుకున్న సైట్లు నేను చూశాను. "ఎందుకొచ్చిన గొడవ, నాలుగు కేజీలు పెట్టేద్దాం" అనేవాళ్ళూ ఉన్నారు. అదీ తప్పే. గాలి ఎంత ఎక్కువ ఉంటే, స్ప్రింక్లర్ తల పగిలాక అది బయటికి పోవడానికి అంత సమయం పడుతుంది. ఆ లోపల పఫ్ ప్యానెళ్ళు (ఫ్రీజర్ గోడల నురుగు పలకలు) అంటుకుంటాయి. పఫ్ ఎంత వేగంగా కాలుతుందో ఒక్కసారి చూసినవాడు గాలి ఎక్కువ పెట్టడు.

మూత ఆనుకునే రెండు వలయాల మధ్య, అంటే లోపలి చిన్న నీటి సీటుకూ బయటి పెద్ద గాలి సీటుకూ మధ్య, ఖాళీ గది ఒకటి ఉంటుంది. దాన్ని ఏదో డిజైన్ వివరం అనుకుని వదిలేయకండి. ఆ గది ఎప్పుడూ బయటి గాలికి తెరిచి ఉండాలి, అలారం లైను కూడా అక్కడి నుంచే పోతుంది. కింద బాల్ డ్రిప్ అని చిన్న డ్రెయిన్ ఉంటుంది. కొద్దిగా కారే నీటిని వదిలేస్తుంది, నీళ్ళు జోరుగా వస్తే మూసుకుంటుంది. అది తుప్పు పట్టి బిగుసుకుపోతే గదిలో నీళ్ళు నిండుతాయి. అప్పుడు నీళ్ళు చిన్న వలయాన్ని కాక పెద్ద వలయాన్నే తోస్తాయి. ఐదున్నర రెట్ల లాభం పోతుంది, నిప్పు లేకుండానే వాల్వు తెరుచుకుంటుంది. అందుకే వాల్వు గదిలోకి అడుగు పెట్టగానే నేను గేజ్ కంటే ముందు బాల్ డ్రిప్ పుల్లను వేలితో నొక్కుతాను. పొడిగా ఉంటే బాగుంది. చుక్క పడితే నీటి సీటు కారుతోంది. సుయ్యిమంటే గాలి సీటు కారుతోంది.

ఇప్పుడు సెట్ చేయడం. వాల్వు ట్రిప్ అయి ఉంది, పైపు నిండా నీళ్ళు అనుకుందాం.

ముందుగా ప్రధాన కంట్రోల్ వాల్వు కట్టేయండి. పంపు గదికీ, సెక్యూరిటీకీ, డ్యూటీ ఇంజనీరుకూ చెప్పి ట్యాగు వేయండి. మెయిన్ డ్రెయిన్ తెరవండి. రెండు గేజ్‌లూ సున్నాకు వచ్చే దాకా మూత మీద చేయి వేయకూడదు. లైనులో కిందికి దిగిన ప్రతి చోటా ఉన్న డ్రెయిన్లు తెరవండి. నీళ్ళు కారడం ఆగాక పావుగంట ఆగి మళ్ళీ చూడండి. నీళ్ళు మెల్లగా దిగుతాయి, మనం తొందరపడితే పైనే ఉండిపోతాయి.

కవర్ బోల్టులు విప్పి లోపలికి టార్చి వేయండి. క్లాపర్ పైకి లేచి కొక్కేనికి తగులుకుని ఉంటుంది. నీళ్ళు ఆగగానే మళ్ళీ మూసుకోకుండా పట్టి ఉంచడానికే ఆ కొక్కెం. ఇక్కడ పది నిమిషాలు ఎక్కువ పెట్టండి. నూలు గుడ్డను మంచి నీళ్ళలో తడిపి పిండి, సీటు చుట్టూ తుడవండి. తర్వాత చూపుడు వేలి కొసతో నిదానంగా ఒక చుట్టు తిప్పండి. కంటికి కనపడనిది వేలికి తెలుస్తుంది. ఒక సైట్లో మూడుసార్లు సెట్ చేసినా గాలి నిలవలేదు. నాలుగోసారి వేలికి తగిలింది వెంట్రుకంత నార పోగు. పైన పైపు మర అతుకుకు సఫేదా (తెల్ల పేస్టు) పూసి, నార చుట్టి బిగించారు. అందులో ఒక పోగు తెగి నీళ్ళతో కొట్టుకొచ్చి సీటు మీద అతుక్కుంది. అప్పటి నుంచి డ్రై లైన్లలో నార వాడనివ్వడం మానేశాను. రబ్బరు మీద గ్రీజు కూడా రాయకండి. రాస్తే దుమ్ము అంటుకుంటుంది, రబ్బరు ఉబ్బుతుంది.

కొక్కెం విడిపించి క్లాపర్‌ను చేత్తో దించండి. విసరకూడదు. కవర్ బిగించేటప్పుడు బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పుకుంటూ రండి. కొన్ని వాల్వులకు క్లాపర్ మీద కొద్దిగా ప్రైమింగ్ నీళ్ళు పోయాలి, గాలి సీటుకు అది సీలులా పనిచేస్తుంది. లెవల్ కాక్ తెరిచి ఎక్కువైన నీళ్ళు వదిలేయండి. కొత్త రకాలు చాలావాటికి ఇది అక్కర్లేదు. మీ వాల్వు ఏ రకమో పుస్తకం చూసి తెలుసుకోండి. పక్క సైట్లో పోశారని మీరూ పోయకండి.

తర్వాత గాలి. యాక్సిలరేటర్ (వాల్వు త్వరగా ట్రిప్ అయ్యేలా చేసే పరికరం) ఉంటే దాని కాక్ మూసే ఉంచండి. లైను డ్రెయిన్లన్నీ మూసి, బైపాస్ (గాలిని వేగంగా నింపే పక్క లైను) తెరిచి గాలి ఎక్కించండి. అర కేజీ దాటాక కింది డ్రెయిన్లను ఒక్కొక్కటిగా క్షణం తెరిచి మూయండి. మిగిలిన నీటిని గాలే ఊదేస్తుంది. 2.7 వచ్చాక బైపాస్ మూసి, సన్న రంధ్రం ఉన్న ఎయిర్ మెయింటెనెన్స్ లైనుకు అప్పగించండి. బైపాస్ తెరిచి మరిచిపోతే, ఒక స్ప్రింక్లర్ తెరుచుకున్నా కంప్రెసర్ ఆ గాలిని వెంటనే పూడుస్తూ ఉంటుంది, వాల్వు ఎప్పటికీ ట్రిప్ కాదు. ఇది ప్రాణం మీదికి తెచ్చే తప్పు. బైపాస్ హ్యాండిల్‌కు ఎర్ర రంగు వేయించండి.

గాలి నిలిచాక బాల్ డ్రిప్ మళ్ళీ నొక్కి చూడండి. ఆ తర్వాత మెయిన్ డ్రెయిన్ కొద్దిగా తెరిచే ఉంచి, కంట్రోల్ వాల్వును పావు చుట్టు, మళ్ళీ పావు చుట్టు తెరవండి. నీళ్ళు డ్రెయిన్‌లో నిలకడగా పారుతుంటే డ్రెయిన్ మెల్లగా కట్టేయండి. ఒక్కసారిగా తెరిస్తే నీటి దెబ్బకు క్లాపర్ లేచిపోతుంది, పనంతా మొదటికొస్తుంది. బాల్ డ్రిప్ మూడోసారి చూడండి. పొడిగా ఉంటే కంట్రోల్ వాల్వు పూర్తిగా తెరిచి గొలుసు వేసి, అలారం కాక్ తెరిచి ఉందో లేదో చూసి, యాక్సిలరేటర్ కాక్ తెరవండి.

వాల్వు పొడిగా కూర్చుంది. అయితే మన తీరంలో అది పొడిగా ఉండిపోతుందా? ఈ పాఠం రాయడానికి అసలు కారణం ఇదే.

చలి దేశాల్లో వాల్వు గదిని 4 డిగ్రీల పైన ఉంచడానికి హీటర్లు పెడతారు. బరంపురంలో, ఛత్రపురంలో ఆ బాధ లేదు. మన బాధ గాలిలోని తడి. 30 డిగ్రీల ఉక్కపోతలో తడితో నిండిన ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటిని మోస్తుంది. మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో అదే ఘనమీటరు గాలి ఒక గ్రాము దగ్గరే ఆగిపోతుంది. మిగతాదంతా పైపు గోడలకు మంచుగా పడుతుంది. రోజూ కొంచెం, సంవత్సరమంతా. ముఖ్యంగా లైను వెచ్చని యాంటీ రూమ్ (ఫ్రీజర్ ముందు గది) నుంచి ఫ్రీజర్ గోడలోకి దూరే చోట.

కొన్నేళ్ళ కిందట గంజాం తీరంలో రొయ్యల ఫ్రోజెన్ స్టోర్ ఒకదానికి మేమే లైను వేశాం. కంప్రెసర్ వాల్వు గదిలోనే, డ్రయర్ లేదు. ఖర్చు తగ్గించుకుందామని వాళ్ళన్నారు, నేను గట్టిగా కాదనలేదు. రెండేళ్ళ తర్వాత టెస్టుకు వెళ్ళాను. నీటి వాల్వు కట్టేసి, చివరి టెస్ట్ కాక్ తెరవమన్నాను. గాలి ఈల వేసినట్టు కొద్దిసేపు వచ్చి ఆగిపోయింది. వాల్వు గదిలో గేజ్ మాత్రం కదలలేదు. 2.7 దగ్గరే నిలిచి ఉంది. గోడ దగ్గర ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అతుకు) విప్పితే పైపు నిండా తెల్లటి మంచు, కొబ్బరి లోపలి గుజ్జులా గట్టిగా. ఆ ముక్కను ఇద్దరు కుర్రాళ్ళు ఎండలోకి మోసుకెళ్ళారు. రెండేళ్ళలో అక్కడ నిప్పు పుట్టి ఉంటే ఫ్రీజర్‌లో ఒక్క చుక్క పడేది కాదు, బయట గేజ్ అంతా బాగుందని చెబుతూ ఉండేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి ఫ్రీజర్ లైనుకు గాలి మూడు మార్గాల్లో ఒకటి కావాలి. అన్నిటికంటే చల్లగా ఉన్న ఫ్రీజర్ లోపలి నుంచే గాలి పీల్చే కంప్రెసర్, లేదా సరైన డ్రయర్, లేదా నైట్రోజన్. నా ఓటు నైట్రోజన్‌కు, పైపు తుప్పు కూడా తగ్గుతుంది. గోడ దగ్గర విప్పి చూసేందుకు ఫ్లాంజ్ ముక్క తప్పక పెట్టించండి. గాలి లైన్లు రెండు పెట్టి ఒకటి వాడుకలో, ఒకటి శుభ్రం చేయడానికి ఉంచితే మంచుగడ్డ సంగతి ముందే తెలుస్తుంది.

నీళ్ళు క్లాపర్ మీద నిలిచినా అంతే ప్రమాదం. రైజర్‌లో (వాల్వు పైన నిలువు పైపులో) ఐదు మీటర్ల నీటి స్తంభం అంటే అర కేజీ అదనపు బరువు. మన ఉదాహరణలో 1.27కు ట్రిప్ కావాల్సిన వాల్వు 0.77కు దిగే దాకా కదలదు. డ్రెయిన్లు చూడటం మానవద్దు. లైనులో కింద పెట్టే జంట కాక్ డ్రెయిన్లను మాత్రం జాగ్రత్తగా వాడండి. పై కాక్ మూసి, తర్వాతే కింది కాక్ తెరిచి నీళ్ళు వదలాలి. రెండూ ఒకేసారి తెరిచారా, మీరే వాల్వును ట్రిప్ చేసినట్టు.

ఇక ట్రిప్ టెస్ట్. ఫ్రీజర్‌ను చల్లబరచక ముందే, లైను కొత్తగా ఉన్నప్పుడే పూర్తి నీటితో చేయండి. ఒకసారి మైనస్‌లోకి వెళ్ళాక పైపులో నీళ్ళు వదిలితే నీళ్ళే గడ్డకట్టి లైను పాడవుతుంది. తర్వాత ఏటా చేసే పరీక్షకు ఫ్రీజర్ బయట రైజర్ మీద ఇండికేటింగ్ కంట్రోల్ వాల్వు (తెరిచి ఉందో మూసి ఉందో బయటికి చూపేది) ఉండాలి. దాన్ని కట్టేసి, వాల్వు కదులుతుందా లేదా అని మాత్రమే చూస్తాం. మూడేళ్ళకోసారి చేసే పూర్తి టెస్టును ఫ్రీజర్ ఖాళీ చేసి వేడెక్కించే రోజుతో కలుపుకోండి.

పూర్తి టెస్టుకు ఇద్దరు కావాలి. ఒకరు వాల్వు దగ్గర గడియారంతో, ఇంకొకరు చివరి టెస్ట్ కాక్ దగ్గర ఫోన్‌తో. గాలి, నీటి ప్రెషర్లు ముందే రాసుకోండి. కాక్ తెరిచిన క్షణం నుంచి లెక్క. క్లాపర్ ధబ్‌మని లేచే చప్పుడు వాల్వు గదిలో బాగా వినపడుతుంది. ఆ క్షణాన్నీ, అప్పటి గాలి ప్రెషర్‌నూ రాయండి. తర్వాత చివరి కాక్ దగ్గర ముందు గాలి, తర్వాత తుప్పు రంగు తుంపర, తర్వాత నీళ్ళు నిండుగా వస్తాయి. మా హెల్పర్ ఒడియా అబ్బాయి. "పాణి ఆసిలా!" (నీళ్ళొచ్చాయి!) అని ఫోన్‌లో అరవగానే గడియారం ఆపుతాను. ఆ మాట 60 సెకన్ల లోపల రావాలి. ఎన్‌ఎఫ్‌పీఏ 13లో చిన్న లైన్లకు మినహాయింపు ఉంది. మొత్తం పైపు పరిమాణం 1,890 లీటర్ల లోపల ఉంటే, లేదా యాక్సిలరేటర్ పెట్టి 2,840 లీటర్ల లోపల ఉంటే సమయం పట్టి చూడనక్కర్లేదు. నేనైతే చిన్న లైనుకు కూడా కొలుస్తాను. వచ్చే ఏడాది ఎక్కువ సమయం తీసుకుంటే ఏదో అడ్డం పడిందని తెలుస్తుంది.

ఇంటిపని. మీ స్టోర్‌లో 100 మిల్లీమీటర్ల పైపు 60 మీటర్లు, 50 మిల్లీమీటర్ల పైపు 120 మీటర్లు ఉన్నాయనుకోండి. మొదటిదానికి మీటరుకు 8.2 లీటర్లు, రెండోదానికి 2.2 లీటర్లు. మొత్తం ఎన్ని లీటర్లో, యాక్సిలరేటర్ లేకుండా సమయ నిబంధన వర్తిస్తుందో లేదో రాసి ఉంచండి. వాల్వు గది నీటి ప్రెషర్ 8 కేజీలైతే, ఐదున్నర రెట్ల వాల్వుకు గాలి ఎంత పెడతారో కూడా రాయండి. వచ్చే పాఠంలో యాక్సిలరేటర్‌ను విప్పి లోపల చూద్దాం, ఈ రెండు లెక్కలు చేతిలో ఉంచుకుని రండి.