ఇంట్లోనే అభ్యంగనం – 3వ పాఠం: అరికాళ్లు

పోయిన పాఠంలో చేతులకీ, భుజాలకీ నూనె మర్దన అయ్యింది. వారం రోజులు చేసి చూసినవాళ్లకి ఒక లెక్క చేతికి వచ్చేసి ఉంటుంది: పొడుగు ఎముకల మీద నిలువుగా రుద్దాలి, కీళ్ల మీద గుండ్రంగా తిప్పాలి. ఈసారీ అదే లెక్క. కాకపోతే పాదంలో కీళ్లు ఎక్కువ, చోటు తక్కువ. అరచేతిని పక్కన పెట్టి బొటనవేలికి పని చెప్పాలి.

అష్టాంగహృదయం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో దినచర్య చెబుతూ వాగ్భటుడు ఒంటికి రోజూ నూనె పట్టించుకోమన్నాడు. తల, చెవులు, పాదాల సంగతి మరీ ముఖ్యంగా చూసుకోమన్నాడు. పొద్దున్నే బస్సు పట్టుకోవాల్సినవాళ్లకి ఒళ్లంతా రోజూ ఎక్కడ కుదురుతుంది? పాదాలైతే రాత్రి పడుకునే ముందు పావుగంటలో అయిపోతాయి. పాదాలకి నూనె రాస్తే చూపు తేటపడుతుందని చరకుడి మాట. అలాగని కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేయకండి. మడమలు మెత్తబడటం, నిద్ర తొందరగా పట్టడం మాత్రం నేను మా ఇంట్లో చూసినవే.

నూనె విషయం. మా ఇంట్లో మంచినూనె అంటే నువ్వుల నూనే. ఇప్పుడు కొట్లో మంచినూనె ఇమ్మంటే పొద్దుతిరుగుడు ప్యాకెట్టు చేతిలో పెడుతున్నారు, అందుకని నువ్వుల నూనె అని విప్పి అడగండి. గానుగది దొరికితే మేలు. ఎండాకాలంలో కొబ్బరినూనె వాడుకోవచ్చు. ఆముదం మాడుకీ, అరికాళ్లకీ అద్దడం మనకి పాత అలవాటే గానీ, దాని జిగురుకి బొటనవేలు జారదు. సగం నువ్వుల నూనె కలుపుకోండి. క్షీరబల, మహానారాయణ లాంటి తైలాలు వైద్యుడు చెబితేనే. ఖరీదైన సీసా కొంటే సగం పని అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో ముప్పావు వంతు పని చేతిదే.

రెండు పాదాలకీ కలిపి రెండు చెంచాల నూనె చాలు. గిన్నెని పొయ్యి మీద పెట్టొద్దు, వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచండి. ఒక చుక్క మీ మణికట్టు లోపలివైపు వేసుకుని చూడండి. చురుక్కుమనకూడదు, గోరువెచ్చగా తెలియాలి.

ఇది ఎందుకింత పట్టి చెబుతున్నానంటే, మా నాన్నగారికి షుగర్. మొదట్లో నేను పొయ్యి మీదే వేడి చేసేదాన్ని. ఒక రాత్రి ఆయన పాదానికి రాస్తూ "వేడిగా ఉందా నాన్నా?" అంటే, "చల్లారిపోయిందమ్మా, ఇంకాస్త వెచ్చబెట్టు" అన్నారు. వెచ్చబెట్టాను. పొద్దున లేచేసరికి పాదం పైన రూపాయి బిళ్లంత బొబ్బ. ఆ పాదానికి స్పర్శ తగ్గిందని మాకు తెలిసింది అలా. అప్పటి నుంచి వేడి ఎంతుందో ఆయన్ని అడగడం మానేశాను, నా మణికట్టునే నమ్ముతాను. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే ముందు పాదం తిప్పి పుండు, పగులు ఏమన్నా ఉందేమో చూడండి. ఉంటే ఆ కాలి జోలికి పోవద్దు.

ఇక పని. కుర్చీలో కూర్చుని, కుడికాలు ఎడమ తొడ మీద వేసుకోండి. కింద పాత తువ్వాలు పరుచుకోండి. ముందు నూనె పాదమంతా పట్టించి చీలమండ దగ్గరికి రండి. రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముక చుట్టూ మూడు వేళ్లతో పదిసార్లు గుండ్రంగా తిప్పండి. తర్వాత మడమ. ఇక్కడ చర్మం మందం, గట్టిగా నొక్కినా ఫరవాలేదు. పిండి పిసికినట్టు పిసకండి.

అసలు చోటు అరికాలి మధ్యలో ఉంది. నడిమి వేలి నుంచి మడమ వైపు ఒక గీత ఊహించుకుని, దాని సగంలో బొటనవేలు పెట్టండి. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాల్లో తలహృదయం అనేది ఇక్కడే. మర్మం అంటే దెబ్బ తగలకూడని చోటు, కాబట్టి పొడవకూడదు. బొటనవేలి మెత్తటి భాగం ఆనించి, ఊపిరి వదులుతూ మెల్లగా బరువు వేయండి. ఊపిరి తీసుకుంటూ బరువు తీసేయండి. ఇలా అయిదుసార్లు. తొందరపడితే ఇక్కడ చక్కిలిగింతలు పుడతాయి. నవ్వొచ్చిందంటే వేగం ఎక్కువైందని గుర్తు.

ఆ తర్వాత మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా బొటనవేలితో పొడుగ్గా లాగండి, ఒక్కో వేలికి ఒక్కో గీత. ఒక్కో వేలినీ పట్టుకుని మెలితిప్పుతూ చివరిదాకా జార్చండి. మెటికలు విరవొద్దు. వేళ్ల సందుల్లో నూనె నిలవ ఉండనీయకుండా పొడిగుడ్డతో తుడవండి, లేకపోతే పాచిపోతాయి. ఎడమకాలికీ ఇంతే.

జ్వరం, అజీర్ణం, జలుబు భారంగా ఉన్న రోజు వద్దు. ఒక పిక్క మాత్రమే వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే అసలు ముట్టుకోవద్దు, డాక్టర్‌కి చూపించండి. అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. గర్భిణులు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి. అయ్యాక పాత కాటన్ మేజోళ్లు వేసుకుని మంచం మీదే ఉండండి. టైల్స్ మీద నూనె పాదాలతో నడిస్తే ఏమవుతుందో మా తమ్ముడి నడుముని అడగాలి. లేవాల్సొస్తే కాళ్లకి సున్నిపిండి రాసి, కడుక్కునే లేవండి.

ఈ వారం ఏడు రాత్రులూ ఇదే అభ్యాసం. ఏ పాదం ఎక్కడ నొప్పిగా తగిలిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, 5వ పాఠంలో పిక్కలు చేసేటప్పుడు కావాలి. వచ్చే పాఠం తలంటు. ముందురోజు రాత్రే గుప్పెడు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి నానబెట్టుకోండి.