ఒక దేశాన్ని పాఠంగా చెప్పడం – మూడవ భాగం: ఘనాలో అడ్డగీతలు, నిలువుగీతలు

గత భాగంలో ఆఫ్రికా పటం మీద గినియా సింధుశాఖను, దాని ఒడ్డున ఉన్న దేశాలను గుర్తించడం నేర్చుకున్నాం. ఈ భాగంలో ఘనా ఒక్కదానినే తీసుకుని, ఆ దేశపు నేలను, ప్రజలను, చరిత్రను మూడు విడి పాఠాలుగా కాకుండా ఒకే పటం మీద చెప్పే పద్ధతిని సాధన చేద్దాం. రాజధాని అక్రా, నాణెం సెడీ, ముఖ్యమైన పంట కోకో అని వరసగా చెప్పుకుపోతే పిల్లలు పరీక్ష దాకా గుర్తుంచుకుంటారు. కోకో ఉత్తరాన ఎందుకు పండదని అడిగితే మాత్రం వారి దగ్గర జవాబు ఉండదు. నేను కూడా మొదట్లో అలాగే చెప్పేవాణ్ని, ఆ ప్రశ్న ఒక పిల్లవాడు అడిగేదాకా.

నల్లబల్ల మీద నిలువుగా ఒక దీర్ఘచతురస్రం గీయండి. అడుగున సముద్రం. దక్షిణం నుంచి ఉత్తరానికి సుమారు 670 కిలోమీటర్లు. వైశాల్యం సుమారు 2,38,500 చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం తక్కువ. ఇప్పుడు అడ్డంగా రెండు గీతలు గీస్తే మూడు పట్టీలు వస్తాయి: తీరం, అడవి, గడ్డిమైదానం. సముద్రం మీది తేమగాలి వల్ల దక్షిణాన ఏడాదికి రెండు వానకాలాలు ఉంటాయి, ఉత్తరాన ఒకటే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సహారా వైపు నుంచి హర్మట్టాన్ అనే పొడిగాలి దుమ్మును మోసుకొస్తుంది. అడవి పట్టీని మాత్రం తిన్నగా గీయకండి. అది నైరుతిలో దట్టంగా ఉండి తూర్పుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. అక్రా చుట్టూ నేల పొడిగానే ఉంటుంది. కోకోకు కావలసిన నీడ, తేమ ఈ అడవి పట్టీలోనే దొరుకుతాయి. టెట్టె క్వార్షీ అనే వ్యక్తి 1879లో ఫెర్నాండో పో దీవి నుంచి తెచ్చిన కోకో గింజలు ఈ నేలలోనే నాటుకున్నాయి.

తరువాత పట్టీల్లో మనుషులను నింపండి. తీరంలో ఫాంటేలు, అక్రా దగ్గర ‘గా’ అనే జాతివారు, తూర్పున ఎవేలు. అడవిలో కుమాసి రాజధానిగా అసాంటేలు. ఫాంటేలు, అసాంటేలు ఇద్దరూ ఆకన్ అనే పెద్ద కుటుంబానికి చెందినవారు. దేశ జనాభాలో దాదాపు సగం మంది ఆకన్లే. ఉత్తరాన డగోంబాలు, మాంప్రుసీలు, గోంజాలు. ఇక్కడ ఆగి త్సెత్సే ఈగ గురించి తప్పకుండా చెప్పాలి. అది కుట్టడం వల్ల వచ్చే జబ్బుతో అడవిలో గుర్రాలు బతకవు. అందుకే గుర్రపుదళాలతో నిలిచిన రాజ్యాలు గడ్డిమైదానంలోనే వెలిశాయి. అడవిలో సరుకంతా మనిషి తల మీదే నడిచింది. ఆ సరుకులో ముఖ్యమైనవి బంగారం, కోలా గింజలు. మద్యం ముట్టని ముస్లిం సమాజాలు ఇష్టంగా నమిలే కోలా కోసం వర్తకులు ఉత్తరం నుంచి దిగివచ్చేవారు, వారితో పాటే ఇస్లాం వచ్చింది.

ఇప్పుడు చరిత్రను బాణాలతో చూపించండి. మొదటి బాణం పైకి: బంగారం సహారా దాటి ఉత్తరానికి పోయేది. (ప్రాచీన ఘనా సామ్రాజ్యం ఇప్పటి మౌరిటానియా, మాలీ ప్రాంతాల్లో ఉండేదనీ, ఈ దేశం దాని పేరును మాత్రమే స్వీకరించిందనీ ఇక్కడే చెప్పేయండి, చాలామంది పొరబడేది ఇక్కడే.) 1482లో పోర్చుగీసువారు ఎల్మినా దగ్గర కోట కట్టాక బాణం కిందికి తిరిగింది. మొదట బంగారం, ఆ తరువాత మనుషులు. 1637లో డచ్చివారు ఆ కోటను పట్టుకున్నారు. ఎల్మినాలోనూ, కేప్ కోస్ట్‌లోనూ చీకటి గదుల్లో వారాల తరబడి బంధించిన బానిసలను సముద్రం వైపు తెరుచుకునే ద్వారంలోంచి ఓడలకు ఎక్కించేవారు. వారిలో చాలామంది లోపలి రాజ్యాల యుద్ధాల్లో పట్టుబడి అమ్ముడైనవారన్న నిజాన్ని కూడా దాచకూడదు. ఈ భాగాన్ని తొందరపడి దాటవద్దు.

బ్రిటిషువారు ఈ నేలను పట్టీలుగానే ఆక్రమించారు: తీరాన్ని 1874లో, అసాంటేను, ఉత్తర భూభాగాన్ని 1901–02లో. అసాంటేలకు తమ జాతి ఆత్మ నిలిచిన చోటుగా బంగారు పీఠం పూజనీయం. దానిని బ్రిటిషు గవర్నరు తనకు తెచ్చి ఇమ్మన్నందుకు 1900లో ఎజిసు అనే అసాంటే పట్టణపు రాజమాత యా అసంతెవా యుద్ధానికి నాయకత్వం వహించింది. ఆమెను సీషెల్స్ దీవులకు పంపేశారు. 1921లో అక్కడే మరణించింది.

ఆమె పేరులోని ‘యా’ దగ్గర తరగతిని కాసేపు నిలపండి. మన ఇళ్లలో జన్మనక్షత్రాన్ని బట్టి పేరు మొదటి అక్షరం చూసినట్టే, ఆకన్లు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. గురువారం పుట్టిన ఆడపిల్ల యా, మగపిల్లవాడు యా‌వ్. శుక్రవారం పుట్టినవాడు కోఫీ, శనివారం పుట్టినవాడు క్వామె. పిల్లలు తాము పుట్టిన వారం ఇంట్లో కనుక్కుని వస్తే, ఘనా తొలి అధ్యక్షుడు క్వామె ఎన్‌క్రుమా, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్ ఏ వారాల్లో పుట్టి ఉంటారో వారే చెప్పగలుగుతారు.

చివరిగా దీర్ఘచతురస్రానికి రెండు వైపులా ఉన్న నిలువుగీతలు చూపండి. అడ్డపట్టీలు, వాటితో పాటు మనుషులు, పడమర ఐవరీ కోస్ట్‌లోకీ తూర్పున టోగోలోకీ సాగిపోతారు. సరిహద్దులు మాత్రం తీరం నుంచి లోపలికి నిలువుగా కోసుకుపోయాయి. ఎవేలు అందుకే రెండు దేశాల్లో ఉన్నారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత జర్మన్ టోగోలాండ్‌ను బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్నాయి. బ్రిటిషు భాగం 1956 ప్రజాభిప్రాయ సేకరణ తరువాత, బ్రిటిషు పాలనలో ఘనాకు ఉన్న పేరైన గోల్డ్ కోస్ట్‌తో కలిసింది. 1957 మార్చి 6న ఆ మొత్తం ఘనా పేరుతో స్వతంత్రమైంది.

అభ్యాసం: పుస్తకం మూసి పటాన్ని మళ్లీ గీయండి. ఆ తరువాత తూర్పు భాగంలో వోల్టా సరస్సును నీలంతో నింపండి. 1965లో పూర్తయిన అకొసొంబో ఆనకట్ట వెనుక దాదాపు 8,500 చదరపు కిలోమీటర్ల నేల మునిగి, సుమారు 80,000 మంది ఊళ్లు విడవాల్సి వచ్చింది. ఆ నీలం మీ పటంలో ఏయే పట్టీల మీద పడిందో, అక్కడ మీరు ఎవరి పేర్లు రాశారో చూసి, వారి గురించి అయిదు వాక్యాలు రాసి ఉంచుకోండి. తరువాతి భాగాన్ని అక్కడి నుంచే మొదలుపెడదాం.