స్పెయిన్‌లో మీ వృత్తి చెప్పవలసి వచ్చినప్పుడు: కొత్తగా వచ్చినవారికి సూచనలు

గత నెల మాద్రిద్‌లో బ్యాంకు ఖాతా తెరవబోతున్న ఒక తమ్ముడికి తోడుగా వెళ్లాను. కౌంటరులోని ఆవిడ "ఆ కే సె దెదీకా ఉస్తెద్?" అని అడిగారు. మాటకు మాట చూస్తే "మీరు దేనికి అంకితమయ్యారు?" అని అర్థం వస్తుంది గానీ, ఆవిడ అడిగింది ఏం పని చేస్తారనే. అకౌంటెంటైన మావాడు తటపటాయించి "నేను ఒక అకౌంటెంటును" అనుకుంటూ "సోయ్ ఉన్ కొంతదోర్" అన్నాడు. ఆవిడ నవ్వు ఆపుకున్నారు. ఫోనులో నేర్చుకున్న ఆ మాట లాటిన్ అమెరికాలో చెల్లుతుంది. స్పెయిన్‌లో అకౌంటెంటును "కొంతాబ్లె" అంటారు, "కొంతదోర్" అనగానే ఇక్కడివారికి గోడకు బిగించిన కరెంటు మీటరు గుర్తుకు వస్తుంది.

ఇల్లు, విదేశీయులకిచ్చే ఎన్.ఐ.ఇ. గుర్తింపు నంబరు వంటి వాటి గురించి మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు కనుక వాటి జోలికి పోను. నా బాధంతా మావాడి నోట వచ్చిన ఆ "ఉన్" గురించే, అంటే "ఒక" గురించే.

"నేను ఇంజనీరును" అనే తెలుగు వాక్యంలో "ఒక" లేదు. స్పానిష్‌లోనూ అంతే: "సోయ్ ఇన్‌హెన్యేరో". మన "ను"లో "నేను" ఇమిడినట్టే "సోయ్"లోనూ "నేను" ఇమిడి ఉంది. అమ్మభాష ఇంత దగ్గరి దారి చూపుతూ ఉండగా ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి "ఉన్" తగిలించుకోవడం దేనికో నాకు అర్థం కాదు. మంచి ఇంజనీరు, పేరున్న ఇంజనీరు అని విశేషణం చేర్చినప్పుడే "ఉన్" కావాలి. ఇది చాదస్తమనుకోకండి. నేను వచ్చిన కొత్తలో ఒక సహోద్యోగి తన బావ సర్కసులో విదూషకుడని, "ఎస్ పయాసో" అని చెప్పాడు. నేను ఉత్సాహంగా "ఆహా, ఎస్ ఉన్ పయాసో!" అన్నాను. "ఉన్" చేరితే అది వృత్తి కాదు, తిట్టు. భోజనాల బల్ల దగ్గర చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది.

స్త్రీలు "ఇన్‌హెన్యేరా" (ఇంజనీరు), "అబొగాదా" (లాయరు) అని చెప్పుకోవాలి. మనకు ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయురాలు ఉన్నట్టే. కానీ "దెంతిస్తా" (పళ్ల డాక్టరు), "పెరియొదిస్తా" (విలేకరి) ఇద్దరికీ ఒకటే, మగవారు చివర "ఓ" పెట్టి దిద్దనక్కరలేదు. "కర్రేరా" ఏమిటని అడిగితే మీ డిగ్రీ చెప్పండి. నేను దాన్ని ఇంగ్లీషు "కెరీర్" అనుకుని నా ఉద్యోగానుభవమంతా ఏకరువు పెట్టి ఎదుటివారిని విసిగించాను. చదువుకుంటూ హోటల్లో వడ్డన పని చేసేవారు "సోయ్ ఎస్తుదియాంతె, పెరో ఎస్తోయ్ దె కమరేరో" (విద్యార్థినే, కానీ ప్రస్తుతం వడ్డన పనిలో ఉన్నాను) అంటే, "సోయ్" వల్ల చదువు అసలైనదనీ "ఎస్తోయ్" వల్ల ఆ పని తాత్కాలికమనీ ఎదుటివారికి తెలిసిపోతుంది. ఉద్యోగం లేనప్పుడూ "ఎస్తోయ్ ఎన్ పారో" అనే అనాలి, "సోయ్" అక్కడ కుదరదు.

ఇంత భయపెట్టాక ఒక మాట ఒప్పుకోక తప్పదు. స్పానిష్ అచ్చులు మన నోటికి తేలిక, "ర"కారం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు, తప్పు మాట్లాడినా ఇక్కడివారు సాధారణంగా ఓపికగా వింటారు. ఆ రోజు ఆవిడ దరఖాస్తులో వృత్తి అన్న గడిలో "కొంతాబ్లె" అని తామే రాసి, కాగితం మావాడి వైపు తిప్పి, రెండుసార్లు చదివి వినిపించారు. వాడు "సోయ్ కొంతాబ్లె" అన్నాడు, ఈసారి "ఉన్" లేకుండా. ఖాతా ఆ పూటే తెరిచారు.