జాంగోలో యూజర్ మోడల్ మారిస్తే మైగ్రేట్ ఆగిపోయింది: నా అనుభవం

2005లో ఓపెన్ సోర్స్‌గా వచ్చిన జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను నేను ఈమధ్యే మొదలుపెట్టాను. మోడల్‌ను (డేటా ఎలా ఉండాలో చెప్పే కోడ్) రిజిస్టర్ చేస్తే చాలు, అడ్మిన్ పేజీలు సిద్ధం. చాలా ముచ్చటేసింది.

చిక్కు యూజర్ మోడల్‌తో వచ్చింది. అప్పటికే ఒకసారి మైగ్రేట్ చేసేశాను, అంటే మోడల్స్‌కు తగ్గ మార్పులను (మైగ్రేషన్లను) డేటాబేస్‌లో అమలు చేసేశాను. తర్వాత ఈమెయిల్‌తో లాగిన్ కావాలని సొంత యూజర్ మోడల్ రాసి, సెట్టింగ్స్‌లో మార్చాను. మళ్లీ మైగ్రేట్ కొట్టగానే ‘ఇన్‌కన్సిస్టెంట్ మైగ్రేషన్ హిస్టరీ’ అని ఎర్రర్. నా యాప్ మైగ్రేషన్ మీద ఆధారపడాల్సిన అడ్మిన్ మైగ్రేషన్ దానికన్నా ముందే నడిచిపోయిందట! సాయంత్రమంతా కోడ్‌లో వెతికాను. తేడా ఉన్నది డేటాబేస్‌లో.

దాచుకోవాల్సిన డేటా ఏమీ లేదు కాబట్టి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్, నా యాప్ పాత మైగ్రేషన్ ఫైళ్లు తీసేసి, మేక్‌మైగ్రేషన్స్ (కొత్త మైగ్రేషన్ ఫైళ్లు రాసే కమాండ్), మైగ్రేట్ వరసగా నడిపాను. ఎర్రర్ పోయింది. సూపర్‌యూజర్‌ను (అడ్మిన్ ఖాతాను) మాత్రం మళ్లీ సృష్టించుకోవాలి. అసలు డేటా ఉన్నచోట ఈ పని చేయకండి. కొత్త ప్రాజెక్టయితే మొదటి మైగ్రేట్‌కు ముందే సొంత యూజర్ మోడల్ పెట్టేసుకోండి, ఇప్పుడు అవసరం లేదనిపించినా సరే.