రాముడి బొమ్మ బిళ్ల నాణెమేనా? ఇలా చూడండి

పాత పెట్టెలో గుండ్రటి లోహపు బిళ్ల దొరికితే ముందు చింతపండు పెట్టి తోమకండి. మా వెండి కొట్టుకి వచ్చే బిళ్లల్లో చాలావాటి అక్షరాలు తోమి తోమి అరిగిపోయినవే. నీళ్లలో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దితే చాలు.

తర్వాత అంచు చూడండి. చుట్టూ అతుకు గీత ఉన్నా, పైన సూది మొనంత గుంతలు ఉన్నా అది పోత పోసిన సరుకని అనుమానించాలి. ఈస్టిండియా కంపెనీ రూపాయలు టంకశాలలో అచ్చు కొట్టినవి. అంచు మీద టంకం మచ్చ ఉంటే ఎవరో కొక్కెం అతికించి మెళ్లో వేసుకున్నారన్నమాట.

ఇక తూకం. 1835 నుంచి వచ్చిన వెండి రూపాయి 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో తులం. అరిగితే కాస్త తగ్గుతుంది గానీ తొమ్మిదికి పడిపోదు. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండీ కాదు, రాగీ కాదు.

చార్మినార్ ఉంటే నిజాం నాణెం. దాని మీద ఏడాది హిజ్రీలో, అంటే ముస్లిం క్యాలెండర్ లెక్కలో ఉంటుంది. ఉర్దూ చదవగలిగినవాళ్లతో అంకెలు చెప్పించుకుని, నూటికి మూడు చొప్పున తీసేసి, 622 కలపండి. 1329 అంటే 1911.

అన్నిటికంటే ఎక్కువ గొడవ రాముడి బిళ్లతోనే. ఒకవైపు పట్టాభిషేకమో, హనుమంతుడో. రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, అర్ధణా, 1818. కోట్లు పలుకుతుందని ఎవరో చెప్పి ఉంటారు. కంపెనీ అలాంటి అర్ధణా వేయనేలేదు. మద్రాసులో దేవుడి బొమ్మతో వరహాలు వేసిన మాట నిజమే, కానీ అవి చిటికెనవేలి గోరంత బంగారు నాణేలు. 1835 నాటి అసలు రాగి అర్ధణా మీద సింహాలున్న కంపెనీ ముద్ర ఉంటుంది, బరువు దాదాపు 13 గ్రాములు. మీ చేతిలోది పూజకో, అమ్మకానికో తర్వాత చేసిన బిళ్ల. పూజలో పెట్టుకోండి, తప్పేం లేదు.

దాన్నే 'రైస్ పుల్లర్' అని, బియ్యాన్ని లాగుతుందని చూపించేవాళ్లు వస్తారు. ఆ గింజలకు ముందే ఇనుప రజను పట్టించి ఉంటారు. మీ వంటింటి బియ్యం తెచ్చి పోయమనండి, ఒక్క గింజా కదలదు. టెస్టింగ్‌కి అడ్వాన్స్ అడిగితే నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.

పొలం దున్నుతుంటే పాత నాణేలు దొరికితే మాత్రం నా దగ్గరికి తేవద్దు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి.